వంగ, వంకాయ: అడిక్‌మెట్ పెరళ్ళ మీదుగా ఒక కూరమొక్క చరిత్ర

బీర తీగకు కాసేది బీరకాయ. కాకర పాదుకు కాసేది కాకరకాయ. దొండ, పొట్ల, సొర అన్నింటిలోనూ మొక్క పేరు కాయ పేరులో చెక్కుచెదరకుండా నిలిచే ఉంటుంది. వంగ విషయంలో మాత్రం అలా జరగలేదు. ‘వంగ’కు ‘కాయ’ చేరినప్పుడు గకారం జారిపోయి ‘వంకాయ’ అయింది. దానితో మొక్క పేరు కాయ పేరులో గుర్తుపట్టరాకుండా కలిసిపోయింది. ఈ చిన్న ధ్వని మార్పు ఫలితం వ్యాకరణంతో ముగియలేదు. నారు పోసేవారు వంగనారు అంటారు, పండించేవారు వంగతోట అంటారు. కొనేవారు, వండేవారు, తినేవారు వంకాయ అంటారు. నగరంలో పుట్టి పెరిగినవారి నోట ‘వంకాయ మొక్క’, ‘వంకాయ చెట్టు’ అనే ప్రయోగాలు ఇప్పుడు సహజమైపోయాయి. మొక్కను కాయ పేరుతో పిలవవలసి వచ్చిందంటే, ఆ మొక్క ఆ ఇంటి పెరట్లో లేదని అర్థం. వంగ అనే మాట ఎక్కడ నిలిచింది, ఎక్కడ జారిపోయింది అని వెదకడం ద్వారా పెరటి సాగు చరిత్రను కొంతమేరకైనా రాయవచ్చుననేది ఈ వ్యాసం ప్రతిపాదన.

ఇందుకు అడిక్‌మెట్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇప్పుడు హైదరాబాదులో రాంనగర్, విద్యానగర్‌ల నడుమ ఇరుకైన పేటగా కనిపించే అడిక్‌మెట్ ఒకప్పుడు నగరం వెలుపలి గ్రామం. ఉర్దూ కవయిత్రి మహ్‌లకా బాయి చందా (1768-1824) జాగీరులో ఇది భాగం. 1918లో నగరం నడిబొడ్డున తాత్కాలిక భవనాల్లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి శాశ్వత స్థలంగా తరువాత ఎంపికైనది ఈ గ్రామ భూమే. 1939లో ఆర్ట్స్ కళాశాల భవనం ఇక్కడ ప్రారంభమైంది. జాగీరు పొలం విశ్వవిద్యాలయం కావడం, విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని ఉద్యోగుల, విద్యార్థుల పేటలు పెరగడం, ఆ పేటల పెంకుటిళ్ళు అపార్ట్‌మెంట్లు కావడం, ఈ మూడు దశలూ ఇక్కడ మూడు నాలుగు తరాల వ్యవధిలోనే జరిగిపోయాయి. పైగా తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడం పక్కపక్కన వినిపించిన హైదరాబాదు రాజ్యపు విద్యాకేంద్రం ఇది. వంగ గురించి ఈ నాలుగు భాషలూ ఏమన్నాయో పోల్చి చూడడానికి ఇంతకంటే తగిన చోటు దొరకదు.

కావ్యం లెక్కపెట్టింది, పేరు చెప్పలేదు

తెలుగువారి ఆహార విహారాల చరిత్రకు కావ్యాలను ఆధారంగా తీసుకొనే పద్ధతికి సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) స్థిరమైన పునాది వేసింది. రాజుల చరిత్ర కాకుండా ప్రజల చరిత్ర రాయాలంటే శాసనాల కంటె కావ్యాలే ఎక్కువ సాయం చేస్తాయని ఆ గ్రంథం నిరూపించింది. అయితే అదే పద్ధతిని పెరటి కూరల దగ్గరికి తెచ్చినప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది.

క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూళ్ళ ఇంటి భోజన వర్ణన సుప్రసిద్ధం. రూకకు దొరికే ఆ భోజనంలో మేలు రకపు బియ్యం ఏదో కవి చెబుతాడు. గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, గడ్డపెరుగు, అన్నీ పేరుపేరునా వస్తాయి. కూరల వంతు వచ్చేసరికి నాలుగైదు నంజుళ్ళు అని ఊరుకుంటాడు. ఆముక్తమాల్యదలో జడివాన కురిసే రోజుల్లో విష్ణుచిత్తుని ఇంట అతిథులకు పెట్టిన భోజనమూ ఇటువంటిదే. వరి అన్నం రకం చెప్పాడు, పప్పు పొట్టు తీసినదని చెప్పాడు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి చెప్పాడు. పోపు పెట్టిన కూరలను మాత్రం మళ్ళీ నాలుగైదు అనే లెక్కతో సరిపెట్టాడు. సుమారు నూరేళ్ళ ఎడంలో, వేర్వేరు సామాజిక స్థాయిల కవులు, ఒకటి డబ్బు తీసుకొని పెట్టే ఇల్లు, మరొకటి భక్తితో పెట్టే ఇల్లు. రెండు చోట్లా కూరకు దక్కింది సంఖ్య మాత్రమే.

ఇది యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. ధాన్యానికి, నేతికి, పంచదారకు మారకపు విలువ ఉంది. అవి అంగట్లో కొలతకు వస్తాయి, పన్నుల లెక్కకు ఎక్కుతాయి. అందువల్ల వాటి రకం చెప్పడం వైభవాన్ని చెప్పడమే. పెరట్లో కోసి తెచ్చిన కూరకు అటువంటి విలువ లేదు. ఏ పూట ఏది దొరికితే అది. దాని పేరు వండే మనిషికి తెలుసు, పద్యానికి అక్కరలేదు.

దీనికి ఎదురుగా నిలిచే ఆధారం కూడా ఆముక్తమాల్యదలోనే ఉంది. వానకాలపు వర్ణనలో కాపులు తినే తిండిని చెబుతూ గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిస ఆకు, చింతచిగురు అని ఒక్కొక్క ఆకునూ పేరు పెట్టి పిలిచాడు కృష్ణరాయలు. నూనెలో వేపిన ఆ ఆకులతో కాపులు ఆరికె అన్నం తిన్నారు. కావ్యం కూరలను పూర్తిగా విస్మరించిందనే వాదం ఈ పద్యం ముందు నిలవదు. కాని జాగ్రత్తగా చూస్తే ఈ ఆకులేవీ పెరట్లో పెంచినవి కావు. వాన పడగానే చేలగట్ల మీద తమంతట తాము మొలిచేవీ, చెట్టు చిగిర్చేవీ. అవి ఋతువర్ణనలో భాగంగా, వానకు సాక్ష్యంగా కావ్యంలోకి వచ్చాయి. ప్రకృతి ఇచ్చినదానికి కావ్యంలో చోటుంది. అష్టాదశ వర్ణనల పుణ్యమా అని రాజు పెంచిన ఉద్యానానికీ చోటుంది. పొన్న, పొగడ, మావి, మల్లె అక్కడ వరుసగా నిలబడతాయి. ఈ రెండింటికీ మధ్య, ఇల్లాలు అంట్లు కడిగిన నీళ్ళు పోసి పెంచిన పెరటికి అలంకారశాస్త్రం ఏ పేరూ పెట్టలేదు.

వంకాయకు పద్యంలో దక్కిన గౌరవం చాటువుల్లోనే. వంకాయకూరను సీతవంటి ఇల్లాలితో, రాముడివంటి రాజుతో సమానమైన వరుసలో కూర్చోబెట్టి, వీటికి సాటి లేదన్న చాటువు తెలుగు ఇళ్ళలో ఇప్పటికీ వినిపిస్తుంది. ఇరవయ్యో శతాబ్దంలో బసవరాజు అప్పారావు (1894-1933) గుత్తివంకాయ పాట ఆ గౌరవాన్ని ప్రణయగీతంలోకి తెచ్చింది. ఈ రెండు చోట్లా ఉన్నది వండిన కూర. కాసిన మొక్క కనిపించదు. రెండింటిలోనూ మాట వంకాయే, వంగ కాదు.

గుత్తివంకాయ గురించి ఒక మాట చెప్పుకోవాలి. దాన్ని అనాదిగా వస్తున్న వంటగా చెప్పడం పరిపాటి. వంగ ఈ ఉపఖండంలో ప్రాచీనమైనదే, సందేహం లేదు. కాని నేటి గుత్తివంకాయలో పడే ఎండుమిరప, కొన్ని ఇళ్ళలో వేసే వేరుశనగ, అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వర్తకం వెంట వచ్చినవి. హైదరాబాదు బఘారా బైగన్‌కు ప్రాణమైన నువ్వులు, కొబ్బరి, చింతపండు పాతవి. అందులోని వేరుశనగ కొత్తది. పదహారో శతాబ్దికి ముందు వంకాయకు కారం అందించింది మిరియమే. కాబట్టి కాయ పాతదయినా కూర పాతది కాదు.

పురాణంలో వంకాయ

కావ్యం పక్కన పెట్టిన వంకాయను మాటల్లో నిలిపింది జనం. అయితే ఆ నిలుపుదల గౌరవంతో కూడినది కాదు. ‘ప్రేమా లేదు, వంకాయా లేదు’ అని తెలుగువారు ఒక విషయాన్ని తోసిపుచ్చుతారు. ఈ స్థానంలో కాకరకాయ కూడా వస్తుంది. రెండూ పెరటివే కావడం గమనించదగినది. హైదరాబాదు దక్కనీ ఉర్దూలో ‘బైగన్’ అనే ఒక్క మాట విసుగు, ఆశ్చర్యం, తిరస్కారం అన్నింటికీ సరిపోతుంది. నగరపు యువత నోట తెలుగు వాక్యం మధ్యలో కూడా అది దొర్లుతూ ఉంటుంది. పళ్ళెంలో అటూ ఇటూ దొర్లే వంకాయ అని, ‘థాలీ కా బైంగన్’ అని, నిలకడ లేని మనిషిని ఉర్దూ, హిందీ భాషలు పిలుస్తాయి.

కన్నడంలో ‘పుస్తకద బదనెకాయి’ అంటే ఆచరణకు అందని పుస్తకజ్ఞానం. మరాఠీలో పురాణంలోని వంకాయలు పురాణంలోనే అనే సామెత ఉంది. దీని వెనుక కథ దక్కనమంతటా తెలిసినదే. వంకాయ తినరాదని పురాణంలో చెప్పిన పౌరాణికుడు ఇంటికి పోయేసరికి, ఆ మాట విన్న భార్య కూర వండకుండా కూర్చుంది. ఆ వంకాయ పురాణంలోది, ఇది ఇంట్లోది అని ఆయన సర్దిచెప్పాడు. ఈ కథ గాలిలోంచి పుట్టలేదు. తిథుల వారీగా వర్జ్య పదార్థాలను చెప్పే ధర్మశాస్త్ర సంప్రదాయంలో త్రయోదశికి వార్తాకం వర్జ్యం. చాతుర్మాస్య నియమాల్లోనూ కొందరు దీన్ని విడిచిపెడతారు. వార్తాకం అనే సంస్కృత పదం నిషేధంలో కనిపిస్తే, వంకాయ అనే ఇంటిమాట కూరలో కనిపిస్తుంది. వైద్యానికి పెరటి చెట్టు పనికిరానట్టే, శాస్త్రానికి పెరటి కాయ లొంగలేదు.

హైదరాబాదు రాజ్యం తెలంగాణ, మరాఠ్వాడా, కర్ణాటక ప్రాంతాల కలయిక. ఆ మూడు ప్రాంతాల భాషలూ, రాజభాష అయిన ఉర్దూ ఒకే కాయను అల్పత్వానికి గుర్తుగా ఎంచుకున్నాయి. మరాఠీ ‘వాంగే’, తెలుగు ‘వంగ’ మధ్య ధ్వని సామ్యం కూడా కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది. సామ్యాన్ని బట్టి ఎవరు ఎవరి నుంచి తీసుకున్నారని తీర్పు చెప్పడం తొందరపాటు. అయితే ఈ మాటల ప్రయాణం ఎంత దూరం సాగిందో స్పష్టంగా తెలుసు. సంస్కృతంలోని ‘వాతింగణ’ పారశీకంలో ‘బాదింగాన్’ అయింది, అరబ్బీలో ‘బాదింజాన్’ అయింది. అరబ్బుల వెంట ఐబీరియా చేరి పోర్చుగీసులో ‘బెరింజెలా’గా మారింది. పోర్చుగీసువారి ఓడల మీద తిరిగి పడమటి తీరానికి చేరి, ఇక్కడి ఇంగ్లీషులో ‘బ్రింజాల్’గా స్థిరపడింది. ఫ్రెంచివారి ‘ఓబర్జీన్’ కూడా ఈ కుదురులోదే. వ్యవసాయ శాఖ కరపత్రాల్లో బ్రింజాల్ అని చదివిన అడిక్‌మెట్ విద్యార్థి, పక్క వీధి బండి దగ్గర బైగన్ అని విన్నప్పుడు, ఒకే మాట రెండు దారుల్లో తిరిగి వచ్చిందని ఊహించడు.

నాలుగు భాషలూ ఎందుకు ఈ కాయనే ఎంచుకున్నాయన్నది ముఖ్యమైన ప్రశ్న. రంగూ ఆకారమూ నవ్వు పుట్టించేవనే సమాధానం ఉంది కాని అది చాలదు. ఎప్పుడూ చేతికి అందేదాన్నే మనిషి తేలిక చేస్తాడు. వంగ ఏడాదిలో మూడు కార్లలో నాటగలిగిన మొక్క. వానకాలం, చలికాలం, వేసవి ఏదైనా దానికి సమ్మతమే. ఒకసారి వేళ్ళూనితే నెలల తరబడి కాస్తుంది. కాపు తగ్గినప్పుడు కొమ్మలు నరికి ఎరువు వేసి నీరు పెడితే మళ్ళీ చిగిర్చి కాస్తుంది. ఏ పూటకూ లోటు రానివ్వని కూరకు లోకువ తప్పలేదు.

పెరటి పని, పెరటి మాట

పెరట్లో వంగ పెంపకం చూడడానికి సులువైనది, నిజానికి నిత్యం కనిపెట్టుకొని ఉండవలసిన పని. నారుమడిలో నెల రోజులకు పైగా పెరిగిన నారును తీసి, సాయంకాలం నాటి, నిలదొక్కుకొనే వరకు నీడ పట్టాలి. బావి దగ్గరి వాడకపు నీరు పోయే కాలువ గట్టు దీనికి అనువైన చోటు. పొయ్యిలోని బూడిద ఆకుల మీద చల్లుతారు. పేనుబంక వంటి చిన్న పురుగులకు అది కొంత అడ్డు. అసలు శత్రువు కొమ్మను, కాయను తొలిచే పురుగు. లేత కొమ్మ తల వాల్చిందంటే లోపల పురుగు ఉన్నట్టు. వాలిన కొనను అంతవరకు తుంచి, పురుగుతో సహా నాశనం చేయడమే దీనికి తెలిసిన పాత ఉపాయం, నేటికీ శాస్త్రజ్ఞులు సిఫారసు చేసే ఉపాయం కూడా. నాలుగు మొక్కలు ఉన్న పెరట్లో ఇది రోజూ పొద్దున జరిగే పని. నాలుగెకరాల తోటలో అసాధ్యం. ఆకులు చిన్నవైపోయి, గుబురుగా పుట్టి, పూతా కాతా లేకుండా మొక్క నిలిచిపోయే జబ్బును రైతులు వెర్రితెగులు అన్నారు. పచ్చదోమ వల్ల ఒక మొక్క నుంచి మరొక దానికి పాకే ఆ జబ్బుకు మొక్కను పీకివేయడం ఒక్కటే దారి. మొక్కకు వెర్రి పట్టిందనడంలో, దాన్ని రోజూ చూసే మనిషి చూపు ఉంది.

అన్నిటికంటె విలువైన మాట ‘వంగపండు’. వంకాయను పండనిచ్చి ఎవరూ తినరు. పండిన కాయ పసుపు రంగుకు తిరుగుతుంది, గట్టిపడుతుంది, చేదెక్కుతుంది. అయినా భాషలో ఆ మాట ఉంది. పండితే పనికిరాని కాయకు పండు అనే పేరు ఎందుకు కావలసి వచ్చింది? విత్తనం కోసమే అన్నది సహజమైన సమాధానం. మంచి మొక్క మీద మంచి కాయను కోయకుండా, తినాలన్న కోరికను ఆపుకొని, పండే వరకు వదిలిపెట్టడం విత్తనం కట్టేవారి పని. పండును కోసి, గింజలను నీటిలో పిసికి, తేలిన తాలును పారబోసి, మునిగిన గట్టి గింజను బూడిదలో కలిపి ఆరబెట్టి, గుడ్డలో మూటకట్టి దాస్తారు. పెరటి సాగులో దీన్ని ఎక్కువగా చేసినది స్త్రీలు. పురుషుల పొలం పత్రాలకు, పన్నులకు ఎక్కింది. ఈ మూట ఎక్కలేదు.

వంగపండు రంగు అని బట్టల దుకాణాల్లో ఇప్పటికీ వినిపించే మాట ఊదారంగును సూచిస్తుంది, పండిన కాయ పసుపును కాదు. ముదురుకాయనే పండు అని వ్యవహరించిన కాలం ఒకటి ఉండి ఉండాలి, లేదా రంగు పేరు పెట్టినవారు విత్తనం కట్టినవారు కాకపోయి ఉండాలి. రెండో ఊహే ఎక్కువ సమంజసంగా తోస్తుంది. ఏమైనా, ‘వంగ’ అన్న మూలపదం తినేవారి భాషలో మిగిలింది ఈ రంగు పేరులోనే. ఉత్తరాంధ్ర ప్రజాకవి వంగపండు ప్రసాదరావు (1943-2020) ఇంటిపేరు రూపంలోనూ అది వినిపించింది.

ఇటువంటి మాటలను పనిచేసేవారి నోటి నుంచే సేకరించాలని పట్టుపట్టినది భద్రిరాజు కృష్ణమూర్తి. ఆయన సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో వెలువరించిన వ్యవసాయ మాండలిక వృత్తిపదకోశం, నిఘంటువును పుస్తకాల నుంచి పొలానికి మళ్ళించింది. ఆ తరువాత ఆయన ఉస్మానియాలోనే భాషాశాస్త్రాచార్యులయ్యారు. పెరటి పనికి ప్రత్యేకంగా అటువంటి కోశం అవసరం. అందుకు కావలసిన వక్తలు విశ్వవిద్యాలయం గోడకు ఆవలే ఉండేవారు.

పెరడు పోయాక

ఆ పెరళ్ళు ఎలా పోయాయో చెప్పడానికి ఎక్కువ మాటలు అవసరం లేదు. 1987లో ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం వచ్చింది. ఒక స్థలం మీద కట్టిన ఇళ్ళను పలువురికి విడివిడిగా అమ్మి, స్థలంలో ఒక్కొక్కరికి అవిభక్త వాటా రాసి ఇచ్చే పద్ధతికి చట్టపు చట్రం ఏర్పడింది. అడిక్‌మెట్, చిక్కడపల్లి, అశోక్‌నగర్ వంటి నడినగరపు పేటల్లో పెంకుటిల్లు, దాని వెనుక పెరడు ఉన్న స్థలాలు వరుసగా అంతస్తులయ్యాయి. అవిభక్త వాటా కాగితం మీద భూమే. కాని అందులో ఏ గజం ఎవరిదో తేలదు, తేలని గజంలో వంగనారు నాటలేరు.

ఇదే కాలంలో విత్తనం కూడా చేతులు మారింది. 1964లో ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయం రాజేంద్రనగర్ నుంచి విడుదల చేసిన వంగ రకాలకు భాగ్యమతి, శ్యామల, గులాబి అని పేర్లు పెట్టారు. హైదరాబాదు పుట్టుక గురించిన ఐతిహ్యంలోని నాయికను గుర్తుకు తెచ్చే పేరు ఒక వంకాయకు పెట్టడంలో సరసం ఉంది. ఈ రకాల విత్తనం మళ్ళీ కట్టుకోవచ్చు. తరువాత వచ్చిన సంకర విత్తనానికి ఆ వీలు లేదు. దాని పండు నుంచి తీసిన గింజ తల్లి గుణాన్ని నిలబెట్టదు, ఏటా పొట్లం కొనవలసిందే.

విత్తనం ఎవరిదనే ప్రశ్న 2010లో బహిరంగ సభలకెక్కింది. కాయ తొలిచే పురుగును తట్టుకొనేటట్టు జన్యుమార్పిడి చేసిన బీటీ వంకాయకు 2009 అక్టోబరులో నియంత్రణ సంఘం అనుమతి ఇచ్చింది. నాటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ దేశంలో ఏడు నగరాల్లో ప్రజాభిప్రాయం విన్నారు. వాటిలో హైదరాబాదు ఒకటి. 2010 ఫిబ్రవరి 9న ఆ విడుదలను నిలిపివేశారు. పొరుగున బంగ్లాదేశ్ 2013లో దాన్ని అనుమతించింది. చర్చ ప్రధానంగా పురుగుమందుల ఖర్చు, ఆరోగ్యం, కంపెనీల హక్కుల చుట్టూ తిరిగింది. వంగ ఎక్కువగా తన పుప్పొడితోనే కాయ కట్టే మొక్క అయినా, తేనెటీగల వల్ల పరపరాగ సంపర్కం కూడా జరుగుతుంది. పక్క చేలోని మార్పు పెరటి విత్తనంలోకి రాగలదు. వాలిన కొనను తుంచే ఇల్లాలి పద్ధతి అప్పటికే నగరాల నుంచి తొలగిపోయింది కనుక, ఆ వాదానికి నిలబడగల పెరటి సాక్షులు తక్కువ.

తెలుగు సాహిత్యం పెరటిని మళ్ళీ పట్టించుకున్నది పెరడు పోయిన తరువాతే. ‘పనిపిల్ల’, ‘చావు విందు’ కథల రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాదు శివారు నారపల్లిలో ఇంటి మిద్దె మీద కూరగాయలు పెంచి, ఆ అనుభవాన్ని ‘మిద్దెతోట’ పేరుతో పుస్తకంగా రాశారు. బొగ్గుగనుల ప్రాంతపు శ్రామిక జీవితాన్ని కథలుగా రాసిన చేయి మట్టి కలపడం, మడులు కట్టడం, విత్తనం నాటడం గురించి అంతే శ్రద్ధతో రాసింది. విమర్శకులు దీన్ని రచయిత వ్యాపకంగా చూసి వదిలేయడం సరికాదు. కావ్యం సంఖ్యతో సరిపెట్టిన కూరలకు పేర్లు పెట్టి, వాటి పెంపకాన్నే వస్తువుగా చేసుకొన్న వచనం అది. ‘మిద్దెతోట’ అనే సమాసం పత్రికల్లో, ప్రసారాల్లో వాడుకకు రావడానికి ఆయన కృషి ప్రధాన కారణం.

మిద్దె మీద తొట్టిలో వంగ బాగానే కాస్తుంది. మట్టి లోతు, ఎండ, రోజూ నీరు ఉంటే చాలు. అయితే అక్కడ వేసేది పొట్లం గింజా, కట్టిన గింజా అన్నదాన్ని బట్టి మాట మారుతుంది. పొట్లం తెచ్చినవారు కాయను లేతగా కోస్తారు, పండనివ్వరు. దేశవాళీ విత్తనాలు ఇచ్చిపుచ్చుకొనే మిద్దెతోటల వారు మాత్రం ఒకటి రెండు కాయలను మొక్క మీదే వదిలి, పసుపెక్కాక కోసి, గింజ తీసి, చిన్న కవర్లలో పోసి పేరు రాసి పంచుతారు. అటువంటి కవర్ల మీద తెల్లవంగ, ముళ్ళవంగ, గుత్తివంగ అని రాస్తారు.